ఆహార నియమమున విసుగు పుట్టినపుడు: మితమును సరిచేసికొను విధము



తూకము తగ్గవలెనని వైద్యుడు చెప్పగా ఆహారమును తగ్గించినవారు ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతపు మన కుటుంబములలోను పలువురు కలరు. మొదటి రెండు మూడు మాసములు ఉత్సాహముతో గడచును. తూకమును తగ్గును. తరువాత ముల్లు కదలదు. తినునది మాత్రము పిడికెడే. ఆకలి వదలదు, నిద్ర పట్టదు, చిన్న మాటకు కోపము వచ్చును. ఒకనాడు పెండ్లి పంక్తిలోనో పండుగనాడో కట్టు తెగును. ఆపైన పశ్చాత్తాపము. మరునాటి నుండి మరింత కఠినమైన నియమము. ఇట్లు సంవత్సరము, రెండు సంవత్సరములు గడచిన పిదప "ఇది నా వలన కాదు" అని సర్వమును విడిచి, పోయిన తూకమును మరల తెచ్చుకొనుట తరచుగా జరుగుచున్న సంగతి.

ఇట్టి విసుగు మనోదౌర్బల్యము కాదనియు, దానికి దేహధర్మములోనే కారణము కలదనియు, అపుడు చేయవలసినది ఆహారమును ఇంకను తగ్గించుట గాక కొంతకాలము లెక్క ప్రకారము పెంచుటయే యనియు తెలుపుటకే ఈ పాఠము. ఇంటిలో అందరును కలసి చదువుకొనదగినది.

1. కేలరీ అనగా నేమి?

దీపమునకు నూనె యెట్టిదో దేహమునకు ఆహారమట్టిది. ఆహారము నుండి దేహమునకు లభించు శక్తిని కొలుచు మానమే కేలరీ. ఒక గ్రాము పిండిపదార్థము సుమారు 4 కేలరీలను, ఒక గ్రాము మాంసకృత్తులు 4 కేలరీలను, ఒక గ్రాము క్రొవ్వు 9 కేలరీలను ఇచ్చును. ఖర్చుకంటె ఎక్కువ తిన్నచో మిగిలినది క్రొవ్వుగా నిలువయగును. తక్కువ తిన్నచో నిలువ తరుగును. ఒక కిలో దేహపు క్రొవ్వులో సుమారు 7,700 కేలరీలు నిలువయుండునని లెక్క.

ఎంత తినవలెనను విషయమై మనకు ప్రమాణమైనది హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో చిన్న పరిశోధనా విభాగముగా ఆరంభమైన ఈ సంస్థ 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. 2020లో అది నిర్ణయించిన ప్రకారము, కూర్చుండి పనిచేయు 65 కిలోల పురుషునికి దినమునకు సుమారు 2,110 కేలరీలును, 55 కిలోల స్త్రీకి సుమారు 1,660 కేలరీలును అవసరము. మధ్యరకపు శ్రమ చేయువారికి ఇవి 2,710, 2,130 చొప్పున నుండును. పొలములో కలుపు తీయు తల్లికిని, అంగడిలో కూర్చుండు తల్లికిని ఒకే మోతాదు చెల్లదని దీనివలన స్పష్టము. తూకము తగ్గదలచినవారు వారమునకు అర కిలోకు మించి తగ్గుట మంచిది కాదనియు ఆ సంస్థ హెచ్చరించుచున్నది.

2. ముట్టడిలోనున్న కోట

మన ఉదయగిరి దుర్గమును శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడించిన సంగతి యెల్లరకు తెలిసినదే. కోట వెంటనే లొంగలేదు. 1514లో గాని వశము కాలేదు. ముట్టడిలో చిక్కుకొన్న కోటను ఏలువాడు ఏమి చేయును? ధాన్యపు కొట్టునకు తాళము వేయించును. భటులకు భత్యము తగ్గించును. అత్యవసరము కాని పనులనెల్ల నిలిపివేయించును. ముట్టడి యెంత కఠినమైనచో అంత పొదుపు.

దీర్ఘకాలము తక్కువ ఆహారము పొందిన దేహమును ఇట్లే నడచుకొనును. మనము తూకము తగ్గుటకై నియమము పట్టితిమని దానికి తెలియదు. కరవు వచ్చినదని తలచును. 1995లో అమెరికాలో లీబెల్, రోసెన్‌బామ్, హిర్ష్ అను వైద్యులు ప్రచురించిన పరిశోధనలో, తూకములో పదవ వంతు తగ్గినవారి శక్తి వ్యయము, దేహము చిన్నదైనందున తగ్గవలసిన దానికంటె ఎక్కువగా తగ్గినట్లు తేలినది. తెలియకుండగనే నడక మందగించును, కూర్చున్నవాడు లేవడు, చేతులు చల్లబడును.

ఆకలి సంగతియు నట్లే. క్రొవ్వు కణముల నుండి లెప్టిన్ అను హార్మోను వెలువడి "నిలువ చాలినంత కలదు" అని మెదడునకు తెలుపుచుండును. క్రొవ్వు తరిగిన కొలది ఇది తగ్గును. కడుపు నుండి వచ్చు గ్రెలిన్ అను ఆకలి హార్మోను పెరుగును. 2011లో ఆస్ట్రేలియాలో ప్రియా సుమిత్రన్ మొదలగువారు ప్రచురించిన పరిశోధనలో, పది వారములు అత్యల్పాహారముతో తూకము తగ్గినవారికి, సంవత్సరము గడచిన పిదపను ఈ హార్మోనులు పూర్వస్థితికి రాలేదని వెల్లడియైనది. కావున నియమము పట్టి ఏడాది దాటిన తల్లి "నాకింకను ఆకలి తీరుట లేదు" అన్నచో అది సాకు కాదు, తిండిపోతుతనమును కాదు. ఆమె దేహము పలుకుచున్న నిజము.

3. ముప్పదియారుగురు యువకుల అనుభవము

అల్పాహారము మనస్సును ఏమి చేయునో తెలుపు ప్రసిద్ధమైన పరీక్ష యొకటి కలదు. రెండవ ప్రపంచ యుద్ధము ముగియనున్న కాలమున, ఐరోపాలో ఆకలితో కృశించినవారిని ఎట్లు కోలుకొనజేయవలెనో తెలిసికొనుటకై అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయములో ఆన్సెల్ కీస్ అను శాస్త్రవేత్త దీనిని జరిపెను. ఆయుధము పట్టుటకు మనస్సొప్పక యుద్ధసేవను నిరాకరించిన 36 మంది యువకులు తామై ముందునకు వచ్చిరి. 1945లో ఇరువది నాలుగు వారములు వారికి దినమునకు సగటున సుమారు 1,570 కేలరీల ఆహారము మాత్రమే యొసగి, వారమునకు 22 మైళ్లు నడిపించిరి. అందరును ఆరోగ్యవంతులు, విద్యావంతులు, ఆదర్శము కలవారు.

వారి తూకము సుమారు నాలుగవ వంతు తగ్గినది. అంతకంటె గమనింపదగినది వారి మనస్సు. పగలును రాత్రియు తిండిని గూర్చియే తలపు. వంటల పుస్తకములను ముందు వేసికొని గంటల తరబడి చదివిరి. పళ్లెములను నాకిరి. స్నేహితులు దూరమైరి, నవ్వు పోయినది, చికాకు పెరిగినది. కొందరు నియమము తప్పి దొంగచాటుగా తిని, పిదప దుఃఖించిరి.

ఇందు రెండు పాఠములు కలవు. ఒకటి: దృఢచిత్తులైన యువకులే ఇట్లైరి కదా, ఇంటిల్లిపాదికి వండి వడ్డించుచు తాను మాత్రము పిడికెడు తిను గృహిణికి విసుగు పుట్టుటలో వింత యేమున్నది? రెండవది: కోలుకొను కాలమున వారిని నాలుగు తెగలుగా విభజించి, ఆహారమును వేర్వేరు మోతాదులలో పెంచిరి. దినమునకు నాలుగు వందల కేలరీలు మాత్రమే అదనముగా పొందినవారు వారముల తరబడి కోలుకొనలేదు. విటమిను బిళ్లలును, అదనపు మాంసకృత్తులును ఇచ్చినను అంతగా ఉపకరింపలేదు. చాలినంత అన్నమే వారిని నిలబెట్టినది. అన్నము లేమి వలన కలిగిన నీరసమునకు అన్నమే మందు.

4. వారపు లెక్క

ఇప్పుడు మన యింటి లెక్కకు వత్తము. ఉదాహరణమునకై ఒక గృహిణిని ఊహించుకొందము. వయస్సు నలుబదిరెండు. ఎత్తు 155 సెంటీమీటర్లు. ఆమె 74 కిలోల నుండి 66 కిలోలకు వచ్చినది. నియమము దినమునకు 1,200 కేలరీలు. ఆరు మాసములుగా తూకము నిలిచిపోయినది. "1,200 మాత్రమే తినుచున్నాను, తగ్గుట లేదు" అని ఆమె విలాపము.

ఆమె అబద్ధము చెప్పుట లేదు. సోమవారము నుండి శనివారము వరకు నిజముగనే 1,200 తినుచున్నది. ఆదివారము కట్టు తెగును. పూరీలు, పులిహోర, మిఠాయి, సాయంకాలము బజ్జీలు, అన్నియు కలిపి 3,600 కేలరీలు సునాయాసముగా దాటును. లెక్క చూడుడు. ఆరు దినములకు 7,200. ఆదివారమునకు 3,600. వారమునకు 10,800. ఏడింట భాగింపగా దినమునకు సుమారు 1,543 కేలరీలు. ఈ సగటుతో ఆరు మాసములు తూకము పెరుగక తరుగక యున్నదనగా, నేటి దేహమునకు, నేటి పనికి, ఆమెకు సరిపోవు మోతాదు ఇదియే. దీనిని నిలకడ మోతాదు అందము.

అనగా, ఆరు దినములు అలమటించి, ఒక దినము అపరాధభావముతో మ్రింగి, ఆమె పొందుచున్న ఫలము, ప్రతిదినము 1,550 కేలరీలు ప్రశాంతముగా తినినచో కలుగు ఫలమే! కష్టము అదనము, లాభము శూన్యము. కావున దీర్ఘనియమముతో విసిగినవారికి తొలి యుపదేశము ఇది: తినుచున్న మొత్తమును దాచక వ్రాసికొని, దానిని ఏడు దినములకు సమముగా పంచుకొనుడు.

ఇందుకై రెండు వారములు ఒక చిన్న పుస్తకములో తిన్న ప్రతి పదార్థమును, చేతిలో వేసికొన్న పప్పుబెల్లములు మొదలు పిల్లలు విడిచిన ముద్ద వరకు, వ్రాయవలెను. ఆ పుస్తకము పరులు చూచుటకు గాదు, తన్ను తాను నిందించుకొనుటకును గాదు. వర్తకుడు ఖాతా వ్రాసికొనునట్లు వ్రాసికొనవలెను.

5. పెంచు విధము

నిలకడ మోతాదు తెలిసిన పిదప రెండు మొదలు నాలుగు వారములు ఆ మోతాదునే తినవలెను. ఈ కాలమున తూకము తగ్గింపవలెనను కోరికను ప్రక్కన పెట్టవలెను. ఇది ఓటమి కాదు. ముట్టడిని ఎత్తివేసి కోటకు ధాన్యము పంపుట. పై గృహిణికి దినమునకు 350 కేలరీలు చేర్చవలెను. ఒకేసారి చేర్చుటకు బెదరినచో మొదటి వారము 150, రెండవ వారము మరి 200 చేర్చవచ్చును.

ఏమి చేర్చవలెను? తీపి, వేపుళ్లు గాదు. మధ్యాహ్నము 50 గ్రాముల బియ్యపు అన్నము అదనముగా (175 కేలరీలు), ఒక గిన్నె పెరుగు 100 గ్రాములు (60), సాయంకాలము వేయించిన వేరుసెనగలు 20 గ్రాములు (110): మొత్తము 345. ఇంతటితో సరిపోయినది. ఈ చిన్న చేర్పు వలననే ఆదివారపు కట్టు తెగుట చాలమందికి తగ్గును. ఏలయన ఆకలియే ఆ తెగుటకు మూలము.

భోజనమును వేళ తప్పక తినవలెను. ఉదయము మానివేసి రాత్రి రెట్టింపు తినుట విసిగినవారికి తగదు. నిద్ర చాలినంత యుండవలెను. నిద్ర తక్కువైనచో ఆకలి పెరుగునని పరిశోధనలు తెలుపుచున్నవి. ప్రొద్దునను సాయంకాలమును నడక మానరాదు.

6. తూకమును చూచి బెదరరాదు

ఇచ్చట చాలమంది దారి తప్పుదురు. ఆహారము పెంచిన నాలుగైదు దినములలో తూకము ఒకటి, ఒకటిన్నర కిలో పెరుగవచ్చును. "చూచితిరా, అన్నము తినగానే లావైతిని" అని మరల పస్తులకు పోవుదురు. ఇది క్రొవ్వు కాదు. దేహము పిండిపదార్థమును కండరములలోను, కాలేయములోను గ్లైకోజెన్ అను రూపమున నిలువ చేయును. ప్రతి గ్రాము గ్లైకోజెనుతో సుమారు మూడు గ్రాముల నీరు చేరును. కడుపులో నున్న ఆహారపు బరువును, ఉప్పు వలన నిలిచిన నీరును దీనికి తోడగును.

లెక్కయే సాక్షి. ఒకటిన్నర కిలో క్రొవ్వు చేరవలెనన్నచో అవసరమునకు మించి 11,550 కేలరీలు తినవలెను. నాలుగు దినములు 350 చొప్పున చేర్చినచో 1,400 మాత్రమే. అందును అది నిలకడ మోతాదు లోపలిదే. కావున ఈ పెరుగుదల నీరని గ్రహించి ధైర్యముగా నుండవలెను. పదునైదు దినములలో ముల్లు నిలకడకు వచ్చును. ప్రతిదినము తూచుకొని కలత చెందుకంటె, వారమునకొకమారు అదే వేళ తూచుకొని, నెల సగటును చూచుట మేలు.

7. మన మెట్ట ప్రాంతపు ఆహారముతోనే

నియమము పట్టినవారు పరాయి పదార్థములకై వెదకనక్కరలేదు. ఇటీవలి కాలమున మన తెలుగునాట ఎన్నియో పద్ధతులు వచ్చినవి. 2017, 2018 ప్రాంతమున వీరమాచనేని రామకృష్ణగారు ప్రచారము చేసిన, అన్నము విడిచి క్రొవ్వును ప్రధానముగా గొను పద్ధతియు, ఖాదర్ వలీగారి సిరిధాన్యముల పద్ధతియు ఇంటింట మాటలాడుకొనబడినవి. ఏ పద్ధతి పట్టినను, దేహమునకు చేరు మొత్తము తగ్గినపుడే తూకము తగ్గును; మొత్తము మరీ తగ్గినచో విసుగు పుట్టును.

చిరుధాన్యములను గూర్చి ఒక భ్రమ తొలగవలెను. జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారము నూరు గ్రాముల బియ్యములో సుమారు 356, సజ్జలలో 348, జొన్నలలో 334, రాగులలో 321 కేలరీలు కలవు. భేదము స్వల్పము. మన పెద్దలు సజ్జ సంగటి, జొన్న రొట్టె తిని బలముగా నున్నది నిజమే. వానిలో పీచు ఎక్కువగుటచే కడుపు నిండినట్లుండుటయు నిజమే. కాని "చిరుధాన్యము కనుక ఎంతైనను తినవచ్చును" అనుట తప్పు. "అన్నము విషము" అనుటయు తప్పు.

1,550 కేలరీలకు శాకాహార దినచర్య యొకటి మాదిరిగా చూపుచున్నాము.

ఉదయము: మూడు ఇడ్లీలు, వేరుసెనగ పచ్చడి – 280.
మధ్యాహ్నము: 90 గ్రాముల బియ్యపు అన్నము, లేక అంతే పిండితో సంగటి – 315, 30 గ్రాముల కందిపప్పు – 100, రెండు చిన్న చెంచాల నూనెతో కూర – 140, పెరుగు 150 గ్రాములు – 90.
సాయంకాలము: 30 గ్రాముల ఉలవల గుగ్గిళ్లు – 100, ఒక అరటిపండు – 90.
రాత్రి: 70 గ్రాముల జొన్నపిండితో రొట్టెలు – 235; ఒక చిన్న చెంచా నూనెతో కూర – 90; మజ్జిగ – 40.
రెండు పూటల కొద్ది పాలతో కాఫీ లేక తేనీరు – 70.

ఇందు మాంసకృత్తులు సుమారు 50 గ్రాములు లభించును. దేహపు ప్రతి కిలోకు 0.83 గ్రాము చొప్పున మాంసకృత్తులు కావలెనని ప్రమాణము. తూకము తగ్గు కాలమున కండరము తరుగకుండుటకు ఇవి ముఖ్యము. శాకాహారులమైన మనకు పప్పు, ఉలవలు, అలసందలు, సెనగలు, పెరుగు, వేరుసెనగలే ఆధారము. నియమము పేర పప్పును, పెరుగును మానివేసి పండ్లరసముతో గడపుట పెద్ద పొరపాటు.

కొలత విషయమున ఒక సూచన. నూనె ఒక చిన్న చెంచాకు 45 కేలరీలు. చేతివాటముగా ఒంపినచో నాలుగు చెంచాలు తెలియకుండగనే పడును. మన ఉదయగిరి కొయ్య గరిటెలు, చెంచాలు భౌగోళిక గుర్తింపు పొంది దేశమంతట పేరు గాంచినవి. వానిలో నొక గరిటెను అన్నమునకు, ఒక చెంచాను నూనెకు కేటాయించి, ఒకసారి తూచి చూచుకొని, ప్రతిదినము దానితోనే కొలిచినచో తక్కెడ అవసరముండదు.

8. మరల తగ్గించుట, లేక నిలుపుకొనుట

నిలకడ కాలము ముగిసిన పిదప రెండు దారులు కలవు.

మొదటిది: ఇంకను తగ్గవలసియున్నచో చిన్న లోటుతో ఆరంభించుట. పై గృహిణి 1,550 నుండి 1,200కు మరల దిగరాదు. 200 మాత్రము తగ్గించి 1,350 వద్ద నిలువవలెను. నెలకు 6,000 కేలరీల లోటు. సుమారు ముప్పాతిక కిలో తగ్గుదల. మందగతియే, కాని ఓర్చుకొనదగినది. ఎనిమిది, పండ్రెండు వారములు గడచిన పిదప మరల రెండు వారములు నిలకడకు రావలెను. దేహము తగ్గిన కొలది నిలకడ మోతాదును కొంత తగ్గును గనుక అప్పుడప్పుడు లెక్కను సరిచూచుకొనవలెను.

ఇట్లు ఆగుచు నడచుట వలన లాభము కలదా యని ఆస్ట్రేలియాలోని టాస్మేనియా విశ్వవిద్యాలయమువారు పరీక్షించి 2017లో ప్రచురించిరి. స్థూలకాయులైన 51 మంది పురుషులలో ఒక తెగవారు అవసరములో మూడింట రెండు వంతుల ఆహారముతో పదునారు వారములు ఎడతెగక నియమము పాటించిరి. రెండవ తెగవారు రెండు వారములు నియమము, రెండు వారములు నిలకడ చొప్పున, అదే పదునారు వారముల నియమమును ముప్పది వారములలో పూర్తిచేసిరి. మొదటివారు సుమారు 9 కిలోలు, రెండవవారు సుమారు 14 కిలోలు తగ్గిరి. అయితే వ్యాయామమునందు శిక్షణ పొందినవారిపై తరువాత జరిగిన పరిశోధనలలో తూకమున ఇంత భేదము కనబడలేదు. కావున విరామము అద్భుతము చేయునని చెప్పరాదు. అది ఓర్పును నిలుపును. నడుమ ఆగినందువలన నష్టము లేదు. విసిగినవారికి ఇంతమాత్రమే పెద్ద మేలు.

రెండవ దారి: ఇంతటితో చాలుననుకొని నిలుపుకొనుట. 74 నుండి 66కు వచ్చిన తల్లి తన తూకములో పదవ వంతు తగ్గినది. అది స్వల్ప విజయము కాదు. మన పొరుగున చెన్నైలో డాక్టరు ఎ. రామచంద్రన్ మొదలగువారు, మధుమేహము రానున్న సూచనలు గల 531 మందిపై జరిపి 2006లో ప్రచురించిన పరిశోధన మనకు ధైర్యమొసగును. ఆహారమును సరిదిద్దుకొని, నడక అలవరచుకొన్నవారిలో మధుమేహము వచ్చు అవకాశము మూడేండ్లలో సుమారు 28 శాతము తగ్గినది. విశేషమేమనగా, వారి తూకము చెప్పుకోదగినంత తగ్గకయే ఈ మేలు కలిగినది! ముల్లు కదలనంతమాత్రమున శ్రమ వృథా యైనదని తలపరాదు. నడుము చుట్టుకొలత, రక్తములోని చక్కెర, మెట్లెక్కునపుడు ఆయాసము తగ్గుట, ఇవియు కొలమానములే.

9. పంక్తి, ఉపవాసము, ఇంటివారు

మనకు ఆహారము ప్రసాదము. దానిని విడిచిపెట్టుట తప్పు. ఈ భయముచేతనే దాసోహపు పంక్తిలో నియమము గలవారు ఇరుకున పడుదురు: వడ్డించినది మిగుల్చరాదు, తిన్నచో లెక్క తప్పును. దీనికి మార్గము సులభము. విస్తరిలో పడకముందే "కొద్దిగా చాలునయ్యా" యనవలెను. వడ్డించువారును "ఇంకొక గరిటె" యని బలవంతము చేయుట మర్యాద యనుకొనరాదు. మఠములలో వడ్డనకు నిలుచు యువకులకు పెద్దలు ఈ సంగతి తెలుపుదురు గాక. అట్లే, ప్రసాదమని భక్తితో గైకొన్న దానికై మరునాడు పస్తుండి తన్ను తాను శిక్షించుకొనుటయు తగదు. ఆ పూట అధికమైనచో తరువాతి పూట యథాప్రకారము తినవలెను, అంతే.

ఉపవాసము వేరు, తూకమునకై పట్టు నియమము వేరు. ఈ జిల్లావారమైన మనకు నిరశన మనగానే అమరజీవి పొట్టి శ్రీరాములుగారు గుర్తుకు వత్తురు. 1952 అక్టోబరు 19న ఆరంభించి డిసెంబరు 15న ప్రాణములర్పించువరకు ఆయన సాగించినది ఒక జాతి కొరకు చేసిన త్యాగము. దేహమును చక్కబరచుకొనుటకు పట్టు నియమము దేహమును నిలుపుటకే గాని కృశింపజేయుటకు గాదు. శివరాత్రి యుపవాసమును తూకము తగ్గించు సాధనముగా వాడుకొనుటయు సరికాదు. కాయకము నెరవేర్చుటకు దేహమే సాధనము. పొలములో తల తిరిగి కూలబడు నంతటి నియమము కాయకమునకే విఘ్నము.

ఇంటివారి ధర్మము వేరొకటి కలదు. "ఇంత తిని కూడ తగ్గలేదా?" అని అత్తగారును, "మరల మొదలుపెట్టితివా?" అని భర్తయు అను మాటలు ఆకలికంటె ఎక్కువగా నొప్పించును. ఒక్కరికే వేరు వంట చేయుట కంటె, నూనెయు తీపియు తగ్గిన వంటను అందరును తినుట మేలు. కడపట మిగిలినది తినుట గృహిణి వంతు కాకుండ, అందరితో కూర్చుండి తినునట్లు చూడవలెను. ఆమె ఏమి తిన్నదో ఆమెకే తెలియని స్థితి చాలవరకు అందువలననే కలుగుచున్నది.

10. ఎవరు వైద్యుని అడుగవలెను?

మధుమేహమునకు ఇన్సులిను గాని మాత్రలు గాని వాడువారు, మూత్రపిండముల వ్యాధి గలవారు, థైరాయిడ్ లోపము గలవారు ఆహారమును తగ్గించుటకు ముందును పెంచుటకు ముందును వైద్యుని అడుగవలెను. గర్భిణులు, బాలింతలు, ఎదుగు పిల్లలు తూకమునకై నియమము పట్టనేరాదు. ఋతుక్రమము నిలిచినను, జుట్టు విపరీతముగా రాలినను, తల తిరిగి పడిపోవుచున్నను అది తక్షణము చూపించుకొనవలసిన సంగతి. తిని వాంతి చేసికొనుట, చాటుగా అమితముగా తినుట, తిండిని గూర్చి ఎడతెగని భయము, ఇవి మానసిక వైద్యుని సహాయముతో నయమగు వ్యాధులు, సిగ్గుపడి దాచరాదు. బహుదినములు దాదాపు నిరాహారముగా నుండి మిక్కిలి కృశించినవారికి ఒక్కసారిగా పుష్కలముగా పెట్టుట ప్రాణాపాయము. వారికి ఆహారము పెంచుట వైద్యశాలలో జరుగవలెను.

పాఠ సారము

దేహము శత్రువు కాదు. కరవునకు బెదరిన సేవకుడు. దానిని కొట్టి లొంగదీయ జూచినచో ఎదురుతిరుగును. చాలినంత పెట్టి, కొద్దికొద్దిగా మళ్లించినచో మాట వినును. విసుగు పుట్టినపుడు నియమమును బిగింపరాదు, తెంపరాదు, సడలించి సరిచేసికొనవలెను.

ఇంట చర్చించుకొనుటకు ప్రశ్నలు

1. మన యింటిలో వారమునకు ఎన్ని దినములు ఆకలితో నుండి, ఎన్ని దినములు అతిగా తినుచున్నాము? రెండును కలిపి సగటు ఎంత?
2. ఆహారము పెంచిన తొలి వారములో పెరుగు తూకము క్రొవ్వు కాదని ఎట్లు చెప్పగలము?
3. నూరు గ్రాముల బియ్యమునకును, సజ్జలకును కేలరీలలో భేదమెంత?
4. మన వంటింటిలో నూనెను కొలిచి వాడుచున్నామా, ఒంపి వాడుచున్నామా?
5. నియమము పట్టిన వారిని ఈ మాసములో ఏ మాటతో నొప్పించితిమి? దానికి మారుగా ఏ సహాయము చేయగలము?